నా పుస్తకం అచ్చు: డి.టి.పి. దగ్గర పడ్డ పాట్లు

పుస్తకం గత వారం ఇంటికి వచ్చింది. మొత్తం 160 పేజీలు. 2020 జనవరి 31న బి.ఎస్.ఎన్.ఎల్. నుంచి స్వచ్ఛంద పదవీ విరమణతో ఒకేరోజు బయటికి వచ్చిన 78 వేల పైచిలుకు ఉద్యోగుల్లో నేనొకదాన్ని. ఆ తర్వాత కుట్టుమిషన్ల మరమ్మతు నేర్చుకుని రాజమండ్రిలో దుకాణం పెట్టాను. ఆ కథే ఈ పుస్తకం. రాయడానికి నేను ఇబ్బంది పడలేదు. బేరాలు లేని మధ్యాహ్నాల్లో ఫోనులోనే టైపు చేసుకుంటూ పోయాను.

ముందు ఒక ప్రచురణ సంస్థకు పంపాను. మిషన్ల గురించిన అధ్యాయాలు తీసేసి, స్ఫూర్తినిచ్చే మాటలు చేర్చమన్నారు. అచ్చు ఖర్చు మొత్తం నన్నే పెట్టుకోమన్నారు. డబ్బూ నాదే, కథా నాదే అయినప్పుడు కత్తెర వాళ్ల చేతిలో ఎందుకుండాలి? రాతప్రతి వెనక్కి తెచ్చుకున్నాను. డబ్బు అడుగుతూ అధ్యాయాలు కోసేవాళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లకండి.

అసలు బాధ డి.టి.పి. దగ్గర, అంటే కంప్యూటర్‌లో పేజీలు అమర్చే చోట మొదలైంది. ఫోనులో టైపు చేసింది యూనికోడ్ తెలుగు, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల పద్ధతి. మన ఊళ్లలో డి.టి.పి. చేసేవాళ్లు చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని పాత ఫాంట్లతోనే పని చేస్తున్నారు. పేజ్‌మేకర్‌కు కొత్త వెర్షన్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. అందుకని మనమిచ్చిన ఫైలును కన్వర్టర్‌లో వేసి పాత ఫాంటులోకి మార్చుకుంటారు. నా పుస్తకం చెడింది అక్కడే.

మొదటి ప్రూఫు చూసి నాకు నోట మాట రాలేదు. ‘బాబిన్‌లో’ అని నేను రాస్తే ‘బాబిన్లో’ అని వచ్చింది. ‘షటిల్‌కి’ కాస్తా ‘షటిల్కి’ అయింది, ‘మోటార్‌తో’ పోయి ‘మోటార్తో’ అయింది. పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా కిందికి దిగకుండా ఆపడానికి యూనికోడ్‌లో కంటికి కనబడని అక్షరం ఒకటుంది. జడ్.డబ్ల్యు.ఎన్.జె. అంటారు. కన్వర్టర్ దాన్ని ఎక్కడికక్కడ తీసేసింది. నా పుస్తకం నిండా బాబిన్లూ షటిళ్లూ మోటార్లే కాబట్టి శుభ్రంగా ఉన్న పేజీ ఒక్కటీ కనబడలేదు. ఎర్ర సిరాతో అన్నీ దిద్ది ఇచ్చాను. కొన్ని సరిచేశారు. సరిచేసిన చోట పక్క మాటలు చెడాయి. మళ్లీ దిద్దాను.

డి.టి.పి. చేసే ఆయన అప్పుడు అన్నాడు: “తెలుగు పుస్తకాలన్నీ ఇలాగే ఉంటాయమ్మా. చదివేవాళ్లు అర్థం చేసుకుంటారు.” అలా ఒప్పుకోనన్నాను. “ఇవన్నీ మీకు చెప్పినా తెలియవు. సార్‌ని పంపించండి, ఆయనతో మాట్లాడతాను” అన్నాడు. దుకాణంలో పెళ్లి శుభలేఖల కోసం వచ్చినవాళ్లు ఉన్నారు, కాలేజీ పిల్లలు ఉన్నారు. అందరూ నావైపు చూశారు. ముప్పై ఏళ్లకు పైగా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసినదాన్ని, ఈ వయసులో మిషను మొత్తం విప్పి మళ్లీ బిగించగలిగినదాన్ని. నా పుస్తకం గురించి మాట్లాడటానికి మా ఆయన రావాలా? “ఈ పుస్తకం సార్ రాయలేదు, నేను రాశాను” అని చెప్పి, అడ్వాన్సు వదులుకుని పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంగ్లీషు పుస్తకంలో పేజీకి పది స్పెల్లింగు తప్పులుంటే ఆ మనిషి అచ్చుకు పంపుతాడా? తెలుగు చదివేవాళ్లు ఏదో ఒకటి సర్దుకుంటారనే ధీమా మన భాషకు చేస్తున్న అన్యాయం ఇంతా అంతా కాదు.

రెండో చోట పేజీలు అమర్చడానికి ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. యూనికోడ్ నేరుగా పెట్టవచ్చన్నారు. పెడితే ఒత్తులన్నీ ఊడిపోయి, పొల్లుల పక్కన పూర్తి అక్షరాలై నిలబడ్డాయి. “చూశారా, యూనికోడ్ పనికిరాదు, కన్వర్టరే గతి” అన్నారు వాళ్లు కూడా.

నేను నమ్మలేదు. కుట్టు తప్పిపోతోందని ఎవరైనా మిషను తెస్తే విప్పడానికి కూర్చోను, ముందు సూది మార్చి చూస్తాను. ఇక్కడా అలాగే చేశాను. అదే ఫైలు ఫోనులో సరిగ్గా ఉంది, వర్డ్‌లోనూ సరిగ్గా ఉంది. కాబట్టి ఫైలులో తప్పు లేదు. అదే ఫాంటుతో వర్డ్‌లో చూస్తే ఒత్తులు చక్కగా ఉన్నాయి. కాబట్టి ఫాంటులోనూ తప్పు లేదు. మిగిలింది ఇన్‌డిజైన్‌లోని అమరిక. ఇంటికి వచ్చి వెతికి చదివాను. పేరాగ్రాఫ్ మెనూలో ‘వరల్డ్ రెడీ’ కంపోజర్ అనే అమరిక ఒకటుంది. తెలుగు, హిందీ లాంటి లిపులకు దాన్ని ఎంచుకోవాలి. మామూలు కంపోజర్‌లో ఉంచితే ఒత్తులు విడిపోతాయి. మర్నాడు వెళ్లి నేనే చెప్పి మార్పించాను. 160 పేజీలూ ఒక్కసారిగా సరిగ్గా వచ్చాయి. రోజూ ఆ పనే చేసేవాళ్లకు తెలియని సంగతి అరవై దాటిన నేను కనిపెట్టానని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఫాంట్ల కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. మండలి, సూరన్న, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. నేను మండలి వాడాను. చివరి ప్రూఫు మాత్రం తెర మీద చూసి వదలకండి. కాగితం మీద తీసుకుని పైకి చదవండి. నేను చదువుతుంటే పక్క దుకాణం టైలరమ్మ వింది. బెల్టు బిగువు గురించి రాసిన చోట ఒక వాక్యం తలకిందులుగా పడిందని పట్టుకున్నది ఆవిడే. ప్రూఫులు చూసే పండితుడెవరైనా దాన్ని దాటిపోయేవాడు.

పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే ప్రత్యేక సంఖ్య ఐ.ఎస్.బి.ఎన్. తెచ్చుకోవడం సులువు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది, రచయిత తన పేరుతోనే తీసుకోవచ్చు. తెచ్చిపెడతామని డబ్బు అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి. అచ్చయిన పుస్తకాలను గ్రంథాలయాలకు పంపాలనే 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయిలోని సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో ప్రతి మన ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకున్నవాళ్లు చాలామంది ఇది వదిలేస్తారు. నేను వదల్లేదు. నా మిషన్ల పుస్తకం ఆ బీరువాల్లో ఉండాలని నా పట్టుదల. పాఠకులకు పంపడానికి 2025 మే నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అని పుస్తకాల కోసం ఒక సేవ నడుపుతోంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. నా పుస్తకం అంత బరువు లేదు.

ప్రెస్సుకు చివరి వాయిదా డబ్బు ఇచ్చే ముందు ఇన్‌డిజైన్ ఫైలు, ఫాంట్లు, పీడీఎఫ్ మూడూ మీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. ఫైలు ఇవ్వడం తమ పద్ధతి కాదని నాతోనూ అన్నారు. ఎక్కించేదాకా డబ్బు తీయలేదు. ఇప్పుడు ఈ-పుస్తకం ఆ ఫైలుతోనే తయారవుతోంది.