పేగుపూత: కణం లోపలి ఒత్తిడి

క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ వంటి పేగుపూత జబ్బుల ప్రస్తావన వచ్చినప్పుడు, శరీర రక్షణ వ్యవస్థ దారితప్పి సొంత పేగు మీదే దాడి చేస్తుందని చెప్పి ఊరుకోవడం పరిపాటి. అందులో అబద్ధమేమీ లేదు గాని, ఆ వివరణలో పేగు గోడ ఉత్త బాధితురాలిగా మిగిలిపోతుంది. ఆ గోడలోని కణాలు దాడికి ముందే సతమతమవుతూ ఉండవచ్చనీ, కొందరిలో వాపు అక్కడే రాజుకోవచ్చనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

పేగు లోపలి పొర మందం ఒక్క కణమే. దాని మీద జిగురు పూత పరిచే బాధ్యత గోబ్లెట్ కణాలది. ఆ జిగురుకు ఆధారమైన మ్యూసిన్ ప్రొటీన్‌లో 5,000కు పైగా అమైనో ఆమ్లాలు ఉంటాయి. అంత పొడవైన గొలుసు ప్రొటీన్లను మడిచే కణభాగమైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో తప్పు లేకుండా మడతపడితేనే బయటికి వెళ్తుంది. మడత కుదరని గొలుసులు పేరుకుపోయినప్పుడు కణం కొత్త ప్రొటీన్ల తయారీని తగ్గించి, మడతకు తోడ్పడే అణువులను పెంచి, పాడైనవాటిని ధ్వంసం చేసి తేరుకోవాలని చూస్తుంది. అప్పటికీ ఒత్తిడి తగ్గకపోతే చనిపోతుంది. ఈ సర్దుబాటుకు అవసరమైన ఎక్స్‌బీపీ1 జన్యువును ఎలుకల పేగు పొరలో మాత్రమే తొలగించినప్పుడు చిన్నపేగులో వాపు దానంతటదే వచ్చిందని 2008లో వెలువడిన పరిశోధన చూపింది. రక్షక కణాల జన్యువులను ఎవరూ తాకలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

ఆక్సీకరణ కూడా ఈ మడతల పనిలోనే మొదలవుతుంది. ప్రొటీన్‌లో గంధకపు బంధాలు ఏర్పడేటప్పుడు ఉపఉత్పత్తిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ వెలువడుతుంది కనుక, మడత పని ఎక్కువయ్యేకొద్దీ దాన్ని తటస్థపరిచే గ్లూటాథయోన్ మీద భారం పెరుగుతుంది. జిగురు పలచబడి బ్యాక్టీరియా గోడను తాకితే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి. అవి ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన సూపర్ ఆక్సైడ్‌ను కుమ్మరిస్తాయి. అది పెరాక్సైడ్‌గా, ఆపైన మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ చేతిలో హైపోక్లోరస్ ఆమ్లంగా మారుతుంది. బ్లీచింగ్ ద్రావణంలో క్రిములను చంపేదీ ఈ ఆమ్లమే. పుండ్ల నుంచి కారే రక్తంలోని ఇనుము పెరాక్సైడ్‌తో కలిస్తే ఇంకా తీవ్రమైన హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. కణ పొరల్లోని కొవ్వులు, కణాల మధ్య బిగింపులు, చివరికి డీఎన్‌ఏ కూడా దెబ్బతింటాయి. ఏళ్ల తరబడి పెద్దపేగు పూత ఉన్నవారికి, జబ్బు మొదలైన సుమారు 8 ఏళ్ల నుంచి క్యాన్సర్ కోసం కొలొనోస్కోపీ పరీక్షలు చేయించమనడానికి ఈ నష్టం కూడా ఒక కారణం.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా సంగతి క్లుప్తంగా చెబుతాను. పెద్దపేగు కణాలు బ్యాక్టీరియా ఇచ్చే కొవ్వు ఆమ్లమైన బ్యుటిరేట్‌ను ఆక్సిజన్‌తో దహించి శక్తి పొందుతాయి. మైటోకాండ్రియాలో జరిగే ఆ దహనం కుంటుపడితే మిగిలిన ఆక్సిజన్ పేగులోకి చేరి, ఈ.కోలై వంటి బ్యాక్టీరియాకు అనుకూలిస్తుంది.

ఇంతా చదివాక యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మింగితే సరిపోదా అన్న ప్రశ్న సహజమే. సరిపోదు. వైద్యుడు రాసిన మందు మాని వాటిని నమ్ముకోవడం ప్రమాదకరం కూడా. ఆక్సీకరణ కారకాలు పేగుకు కేవలం శత్రువులు కావు. సూపర్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమ్ పుట్టుకతోనే పనిచేయని క్రానిక్ గ్రాన్యులోమాటస్ జబ్బులో, ఆక్సీకరణ తగ్గాలి కాబట్టి పేగు క్షేమంగా ఉండాలని మనం అనుకుంటాం. అయితే ఆ రోగుల్లో ఎంతోమందికి క్రోన్స్‌ను పోలిన పేగువాపే వస్తుంది. పేగు పొర కణాలు కూడా నాక్స్1, డ్యుయాక్స్2 అనే ఎంజైమ్‌లతో కొద్దిపాటి పెరాక్సైడ్‌ను తామే తయారుచేసుకుని బ్యాక్టీరియాను దూరంగా ఉంచుతాయి. పసితనంలోనే పేగుపూత బారిన పడిన కొందరు పిల్లల్లో లోపం కనిపించింది సరిగ్గా ఈ రెండు ఎంజైమ్‌ల జన్యువుల్లోనే.