ముందు కాలు తట్టింది దుప్పి

పడుకుందామని లైటు ఆర్పి మళ్లీ లేచాను. ఇంట్లో ఎవరూ ఏమైందని అడగలేదు, నా వాలకం వాళ్లకు తెలిసిందే. సాయంత్రం పులుల సఫారీలో మా బండిలో కూర్చున్నావిడ తీసిన వీడియో పంపారు. 40 సెకన్లు. పదిహేనోసారి పెట్టుకున్నాను. చూడ్డానికి కాదు, వినడానికి.

అందులో ఉన్నది మేం ఎప్పుడూ చూసే ఆడపులే. మడుగు గట్టు దిగి, మోకాలెత్తు ఎండుగడ్డిలోకి వచ్చింది. అవతల 14 దుప్పులు తలలు దించి మేస్తున్నాయి. మధ్య దూరం 60 మీటర్లు. చిటికెడు దుమ్ము వదిలి చూస్తే గాలి దుప్పుల వైపు నుంచి పులి వైపు వీస్తోంది, అంటే పులి వాసన వాటికి అందదు. అంతా కుదిరింది అనుకుంటుండగా వచ్చింది ఆ బండి. మమ్మల్ని దాటుకుని పోయి వాగు నోటి దగ్గర ఆగింది. ఇంజను ఆపారు. ఫొటోకి కోణం కుదరలేదేమో, మళ్లీ స్టార్ట్ చేసి వెనక్కి తీశారు. దుప్పి కూత పెట్టింది. తోకలు నిక్కాయి, మంద చెదిరింది. పులి దాగడం మానేసి నిటారుగా లేచి, అందరి ముందు నుంచే నడిచి వెళ్లిపోయింది.

గేటు దగ్గర ఆ బండి నడిపిన తమ్ముణ్ని పట్టుకుని నాలుగు మాటలు అన్నాను. గట్టిగానే.

కోపం ఎందుకంటే, జంతువుకి 20 మీటర్లు, బండికీ బండికీ మధ్య 50 మీటర్లు, ఒక పులి దగ్గర 15 నిమిషాలు మించకూడదు అన్న నిబంధనలు అందరికీ నోటికొచ్చు. ఎక్కడ ఆగాలన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. వేట మొదలైందని తెలిశాక పులికీ మేతలో ఉన్న మందకీ మధ్య గీత గీసుకుని, ఆ గీత మీదకి గానీ దాని రెండు పక్కల దారుల్లోకి గానీ పోకూడదు. ఇంజను ఒక్కసారి ఆపితే వేట తేలేదాకా మళ్లీ తాళం తిప్పకూడదు. దూరంగా, నిలకడగా మోగే ఇంజనుకి దుప్పులు అలవాటు పడిపోయాయి. ఆగి, మళ్లీ గుర్రుమంటేనే తలలెత్తుతాయి. ఎత్తిన తల కదలికను వెతుకుతుంది. దుప్పి కంటికి పులి నారింజ రంగు ఆకుపచ్చలో కలిసిపోతుంది కాబట్టి కదలనంతసేపు పులి లేనట్టే. కానీ 14 తలలు లేచాక అది ఎంతసేపని కదలకుండా ఉంటుంది? పైగా ఆ కూత తోటి దుప్పులకి ఎంత హెచ్చరికో, పులికీ అంతే: నిన్ను చూసేశాం అని. చూశాక తరమడం దండగ. పులికి దూరం పరుగెత్తే ఊపిరి లేదు, 20 మీటర్ల లోపుకి పాకి వస్తేనే దానికి ఆశ.

ఇదే పులి రెండు వేసవుల కిందట వెదురు పొద పక్కన కణుజును, అంటే పెద్ద జింకను, పట్టింది. ఒక్క బండే ఉంది అప్పుడు. 40 మీటర్లు పాకడానికి 50 నిమిషాలు తీసుకుంది. ముందుకాలు మోపిన చోటే వెనక కాలు పెడుతుంది, ఎండుటాకు మీద కొత్తగా మరో అడుగు పడకుండా. కణుజు ఒకసారి తలెత్తింది. పులి ఎత్తిన కాలు ఎత్తినట్టే, మడమ దగ్గర మడిచి, గాలిలో ఉంచేసింది. బైనాక్యులర్‌లో చూస్తే పులి కంటి కొసన ఈగ వాలి ఉంది. రెప్ప వేయలేదు. కణుజు అనుమానమొచ్చినట్టు కాలితో నేలను ఒక్కసారి తట్టింది గానీ కూయలేదు, మళ్లీ తల దించింది. ఆ తర్వాతది మూడు సెకన్లు కూడా లేదు. గడ్డి ఊగింది, అంతే కనపడింది. గొంతు పట్టుకుని, కాళ్లు ఆగాక కూడా చాలాసేపు వదల్లేదు. వదిలి, నోరు తెరిచి రొప్పుతూ కూర్చుంది. నీడలోకి ఈడ్చుకెళ్లి పిర్ర దగ్గర తినడం మొదలుపెట్టింది.

కణుజు కూస్తే నమ్మొచ్చు, దుప్పి కూత సగం ఉత్తిదే అంటారు మావాళ్లు. ఇవాళ్టిది ఉత్తిది కాదు.

వీడియోలో అదే నన్ను నిద్ర పోనివ్వనిది. 19వ సెకను దగ్గర, చెవులు ముందుకి నిక్కించిన ముసలి ఆడదుప్పి ముందుకాలితో నేలను తడుతుంది. 'టప్'. ఇంజను స్టార్టయ్యేది 25వ సెకనులో. ఆరు సెకన్లు ముందే తట్టింది. పైగా ఆ బండి చక్రాలు రేపిన దుమ్ము చూడండి, పులి వైపు నుంచి దుప్పుల వైపు పోతోంది. గాలి తిరిగిపోయింది. పొద్దువాలేటప్పుడు తిరుగుతుందని తెలిసీ, నేను పది నిమిషాల ముందు ఒక్కసారి చూసి ఊరుకున్నాను. దుప్పికి అందింది ఇంజను చప్పుడు కాదు, పులి వాసన.

అంటే అనవసరంగా అన్నానా? 1960లలో మధ్యప్రదేశ్‌లోని కాన్హా అడవిలో పులుల్ని గమనించిన పరిశోధకుడు జార్జ్ షాలర్ వేసిన లెక్క ప్రకారం 20 ప్రయత్నాలకి ఒకటి ఫలిస్తుంది. మిగతా వాటిలో ఎక్కువ ఇలాగే పోతాయి, గాలి తిరిగో, ఆకు చిట్లో, చెట్టుమీద కొండముచ్చు చూసో.

కానీ మళ్లీ చూస్తే ఆ బండి ఆగింది వాగు నోట్లో. గాలి తిరిగితే పులి చేసే పని వెనక్కి తగ్గి, వాగులోకి దిగి, చుట్టూ తిరిగి అవతలి నుంచి రావడం. ఇక్కడున్న ఒక్క చాటుదారీ అదే. దుప్పి తట్టగానే పులి తల వాగు వైపు తిప్పిందండీ, 21వ సెకను దగ్గర స్పష్టంగా ఉంది. అక్కడ బండి ఉంది. మళ్లీ ముందుకి తిప్పుకుంది. కాబట్టి ఇంజను గురించి అన్నది వెనక్కి తీసుకుంటాను, ఆగిన చోటు గురించి అన్నది తీసుకోను. రేపు ఆ తమ్ముడికి రెండూ చెప్పాలి, వీడియో చూపించి.

ఇవాళ పొద్దున ఆ పులి పిల్లలు రెండూ కనిపించాయి, టేకాకు కోసం పోట్లాడుకుంటూ. బాగున్నాయి. వాటితో కలిపి మూడు నోళ్లు. ఒంటి పులికే ఏడాదికి 50 దుప్పుల దాకా కావాలి.

రేపు పొద్దున ఆరింటికి ముందు మడుగు వెనక మద్దిచెట్టు చూడాలి. కాకులు కిందికి చూస్తూ కూర్చుంటే పులికి రాత్రి వేట దొరికినట్టు. కొమ్మలు ఖాళీగా ఉంటే వాగు వైపు ఏ బండీ పోకుండా ముందు మాదే అడ్డం పెట్టించి, ఇవతలి గట్టున ఆగుతాను.