తీసేసినం కదా, మళ్లీ ఈ నల్ల డబ్బా ఏంది?

నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర మాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. పోయిన నెల నేను లేనప్పుడు ఒక పెద్దమనిషి బయోడేటా తెచ్చి, పీడీఎఫ్‌ను వర్డ్‌లోకి మార్చమన్నాడట. మా తమ్ముడు ఏదో ఫ్రీ కన్వర్టర్ డౌన్‌లోడ్ చేసి, చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోయాడు. దాని వెంట డ్రైవర్లు (ప్రింటర్ లాంటివాటిని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తానంటూ ఇంకొకటి దిగింది. బ్రౌజర్‌లో సెర్చ్ పేజీ కూడా మారిపోయింది.

నేను వచ్చి రెండింటినీ అన్‌ఇన్‌స్టాల్ చేశాను. పోయేముందు 'మమ్మల్ని ఎందుకు తీసేస్తున్నారు?' అని అడిగింది, పాపం!

మర్నాటి నుంచి గంటకోసారి తెర మీద నల్లటి డబ్బా ఒకటి తళుక్కుమని మాయమయ్యేది. చదువుదామంటే అందదు. చివరికి ఆ టైముకు ఫోన్ పట్టుకుని కూర్చుని స్లో మోషన్‌లో వీడియో తీశాను. పైన 'పవర్‌షెల్' అన్న పేరు దొరికింది. విండోస్‌లో ఆదేశాలు నడిపే ప్రోగ్రామ్ అది.

"తీసేసినవ్ కదన్నా, ఇంకా ఏడికెళ్లొస్తుంది?" అన్నాడు తమ్ముడు.

పెట్టిన టైముకు పనులు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్ తెరిస్తే తెలిసింది. 'అప్‌డేట్' అని అనుమానం రాని పేరు పెట్టుకున్న టాస్క్ ఒకటి గంటగంటకూ ప్రోగ్రాములు తమ ఫైళ్లు పెట్టుకునే యాప్‌డేటా ఫోల్డర్‌లోని ఒక స్క్రిప్ట్‌ను, అంటే ఆదేశాల ఫైలును, నడుపుతోంది. ఆ ఫోల్డర్ తేదీ చూస్తే, కన్వర్టర్ దించిన రోజే.

అన్‌ఇన్‌స్టాలర్‌ను రాసేది కూడా ఆ ప్రోగ్రామ్ చేసినవాళ్లే. చాలాసార్లు విండోస్ దాన్ని పిలిచి ఊరుకుంటుంది, ఏది తీయాలో ఏది ఉంచాలో వాళ్ల ఇష్టం. 2015లో లెనోవో ల్యాప్‌టాప్‌లలో ముందే వేసి ఇచ్చిన సూపర్‌ఫిష్ అనే యాడ్స్ ప్రోగ్రామ్ గొడవ కూడా ఇలాంటిదే. ప్రోగ్రామ్ తీసేసినా అది పెట్టిన రూట్ సర్టిఫికెట్ (ఏ సైట్ అసలుదో నమ్మడానికి కంప్యూటర్ చూసుకునే ముద్ర) లోపలే ఉండిపోయింది. దాన్ని అడ్డం పెట్టుకుని వేరేవాళ్లు దొంగ సైట్‌ను కూడా అసలుదిలా చూపించగలరు.

అట్లని మిగిలిందంతా వైరస్ కాదు. ఖాళీ ఫోల్డర్లు, విండోస్ సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో నాలుగు లైన్లు చాలా మంచి ప్రోగ్రాములూ వదిలిపోతాయి. వాటి కోసం రిజిస్ట్రీ క్లీనర్ దించడమంటే ఇంకో తద్దినం తెచ్చుకోవడమే. తనంతట తాను నడిచేది ఏదైనా ఉందా అన్నదే నేను చూస్తాను: స్టార్టప్, షెడ్యూలర్, సర్వీసులు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, ప్రాక్సీ (నెట్‌ను వేరే దారిలో మళ్లించే సెట్టింగు).

"ఫార్మాట్ కొట్టేద్దామన్నా" అన్నాడు వాడు. తెలుగు డీటీపీకి వాడే అను ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు మళ్లీ కూర్చోబెట్టేది ఎవరు? టాస్క్, స్క్రిప్ట్ తీసేసి, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాను. రీస్టార్ట్ అయి పావుగంటసేపు నడిచింది, ఏమీ దొరకలేదు. ఏమీ దొరకలేదన్నదే నాకు టెన్షన్. అన్ని రోజులూ ఆ స్క్రిప్ట్ ఏం చేసిందో స్కాన్ చెప్పదు కదా. అందుకే మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచి మార్చుకున్నాను. మళ్లీ ఆ డబ్బా కనబడితే మాత్రం వాడి మాటే, ఫార్మాటే.

నిన్న ఆ పెద్దమనిషి ఇంకో రెండు పేజీల పీడీఎఫ్ పట్టుకుని వచ్చాడు. ఈసారి నేరుగా వర్డ్‌లోనే తెరిచాం. 2013 వెర్షన్ నుంచి వర్డే పీడీఎఫ్ తెరుస్తుంది. తమ్ముడు నా మొహం చూడకుండా ప్రింటర్‌లో పేపర్ సర్దుతున్నాడు.