తీరం దాటాక మన వంతు: మొంథా తుపానులో వడ్లు దక్కించుకున్న నా అనుభవం

నిన్న సాయంత్రం నా వడ్ల బస్తాలు లారీ ఎక్కాయి. ఎన్ని బస్తాలు ఎక్కాయో రాసిచ్చే ట్రక్ షీట్ జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని ఇది రాస్తున్నాను. వరంగల్, హనుమకొండ, మహబూబాబాద్ జిల్లాల్లో వడ్లు కొనే సర్కారు సెంటర్లలో కుప్పలు పోసుకున్నవాళ్లు చదవాలి. తుపాను ఆంధ్రోళ్లది, మనదాకా రాదు అని ఇంకా అనేవాళ్లు తప్పకుండా చదవాలి.

కోత సాఫీగానే అయింది. మిషన్ టైంకు దొరికింది, వడ్లు సెంటర్‌కు తోలాం, ఎండలు బాగా కాయడంతో తొందరగానే ఆరాయి.

2023 జూలైలో భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పటి నుంచి నేను వాతావరణ శాఖ బులెటిన్లు చదువుతున్నాను. మా మేనత్త వాళ్లది అటు పక్కనే. ఆ వారంలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటిది చూశాక ఆకాశం చూసి అంచనా వేసే ధైర్యం నాకు పోయింది. ఫోన్లో మౌసమ్ యాప్ పెట్టుకున్నాను, బులెటిన్ వస్తే చివరిదాకా చదువుతాను.

2025 అక్టోబర్ చివరి వారంలో బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు, 27 నాటికి తుపాను అయింది, మొంథా అని పేరొచ్చింది. ఏ చానల్ పెట్టినా కాకినాడే. రేవులో 10వ నంబరు ప్రమాద హెచ్చరిక, ఉప్పాడ రోడ్డు మీద విరుచుకుపడే అలలు, ఊళ్లు ఖాళీ చేయిస్తున్న పోలీసులు. అక్కడివాళ్ల కష్టం చిన్నదని నేననను. కానీ అదే బులెటిన్లో కింద 28, 29 తేదీల్లో తెలంగాణలో భారీ నుంచి అతి భారీ వానలని కూడా ఉంది. ఆ ముక్క టీవీలో చెప్పినా ఒక్క నిమిషం చెప్పి వదిలేశారు.

ఇక్కడ ఒక విషయం అందరికీ తెలియాలి. తుపాను హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి. మొదటిది 72 గంటల ముందు, రెండోది కనీసం 48 గంటల ముందు, మూడోది 24 గంటల ముందు. ఈ మూడూ ముఖ్యంగా తీరం కోసం. వేటకు పోవద్దనేది, ఉప్పెన ఎంత ఎత్తున రావచ్చనేది వీటిలోనే ఉంటాయి. నాలుగోది తుపాను తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు వస్తుంది. తీరం దాటాక అది ఎటు పోతుంది, లోపలి జిల్లాల్లో ఏమవుతుంది అని చెప్పేది అదే. అంటే మన కోసం ఇచ్చేది ఆ నాలుగోదే. సముద్రం వదిలాక తుపానుకు గాలి బలం తగ్గుతుంది గానీ, మోసుకొచ్చిన నీళ్లు ఎక్కడికీ పోవు. ఎక్కడో ఒకచోట కుమ్మరించాల్సిందే.

27న పొద్దున్నే సెంటర్‌కు పోయాను. ఇక్కడి నుంచే నా గోస మొదలు.

నా కుప్ప ఆరింది. తేమ చూసే మాయిశ్చర్ మిషన్ పెడితే 16.4 శాతం వచ్చింది. 17 శాతం లోపు ఉంటే కొనాలని రూల్. గన్నీ బస్తాలు గదిలో కట్టలు కట్టలుగా పేర్చి ఉన్నాయి, కాంటా ఖాళీగా ఉంది, హమాలీలు చెట్టు కింద కూర్చుని ఉన్నారు. నాదే కాదు, ఇంకో ఏడెనిమిది కుప్పలు అలాగే ఆరి ఉన్నాయి. సెంటర్ చూసే మనిషి దగ్గరికి పోయి, "తమ్మీ, ఎల్లుండి పెద్ద వాన ఉన్నది, ఆరిన కుప్పలన్నా ఇయ్యాల కాంటా పెట్టించు, బస్తాల్లోకి ఎక్కితే ఎట్లన్నా కాపాడుకుంటం" అని అడిగాను. ఫోన్లో బులెటిన్ కూడా చూపించాను.

అతను ఫోన్ వైపు చూడనే లేదు. అక్కడున్న రైతులందరికీ వినపడేలా, "అన్నా, తుపాను కాకినాడకు వస్తుంటే నీకిక్కడ జ్వరం ఎందుకొస్తున్నది?" అన్నాడు. పక్కన మిల్లు తరఫున వచ్చిన మనిషి పగలబడి నవ్వాడు. నాతో పాటు వడ్లు పోసినవాళ్లు కూడా కొందరు నవ్వారు. చిన్నప్పటి నుంచి నన్ను ఎరిగినవాళ్లు వాళ్లు. నేను మళ్లీ అడిగితే, "నీ ఒక్కని కోసం సీరియల్ తప్పిస్తే ఊరంతా నన్ను తిడ్తది, లారీ రాలేదు, పో" అన్నాడు. నేను నా ఒక్కడి కోసం అడగలేదు. సీరియల్ ప్రకారమే తూయమన్నాను, ఇవాళే మొదలుపెట్టమన్నాను. ఆ మాట చెప్పేలోపే అతను బండి స్టార్ట్ చేశాడు.

పరదాలైనా ఇవ్వండని మధ్యాహ్నం మళ్లీ పోతే, రిజిస్టర్ తెరిచి పరదాలన్నీ ఇచ్చేసినట్టు సంతకాలు చూపించారు. అందులో ఒక్కో పేరు మీద ఎన్నో పరదాలు. ఆ పేర్లవాళ్ల కుప్పలు ఎక్కడున్నాయో నాకు తెలుసు, వాళ్ల దగ్గర అన్ని పరదాలు లేవు. అడిగితే గొడవ. అడగకపోతే వడ్లు పోతాయి. అప్పటికే బయట కిరాయి పరదా ధర రెట్టింపు చేశారు. మనిషి కష్టంలో ఉన్నప్పుడే రేటు పెంచేవాళ్లకు ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు.

ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. చదువుకుని, ముందే తెలుసుకుని, ఊరికి పనికొచ్చే మాట చెప్పినవాణ్ణి పదిమందిలో పిచ్చివాణ్ణి చేస్తే తట్టుకోవడం కష్టం. ఈ ఒక్క కారణం వల్లే ఊళ్లలో తెలిసినవాళ్లు కూడా నోరు మూసుకుంటారు.

నా భార్య మాత్రం, "వాళ్లు కొనకుంటే మన వడ్లు మనం తెచ్చుకుందాం, ఎవలడ్డం?" అంది. సెంటర్‌లో పోసిన వడ్లు వెనక్కి తేవడం ఊళ్లో ఎవరూ చేయని పని. రెండుసార్లు ట్రాక్టర్ కిరాయి, ఎత్తుడు కూలీ, మీదినుంచి నవ్వులు. అయినా 28న పొద్దుగాలే ట్రాక్టర్ పెట్టాం. మా బావమరిది ఇల్లు కట్టుకుంటున్నాడు, స్లాబు అయింది, తలుపులు పెట్టలేదు, ఊళ్లో ఎత్తు జాగా. అందులో హాలు నిండా పోశాం. వాడు గోడకు ఆనుకుని చూసి, "బావా, గృహప్రవేశం కాకముందే లక్ష్మీదేవి వచ్చింది" అన్నాడు. పొద్దున్నుంచి నాకు ఊపిరాడింది ఆ మాటతోనే.

28 రాత్రి నరసాపురం దగ్గర తుపాను తీరం దాటింది. 29న మన మీదికొచ్చింది. మన జిల్లాలకు రెడ్ అలర్ట్ వచ్చేసరికి వాన అప్పటికే దంచుతోంది. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో 20 సెంటీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం. ఆ రోజు హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 40 దాటింది. డోర్నకల్ స్టేషన్లో పట్టాలు మునిగి రైళ్లు ఆగాయి, వరంగల్‌లో కాలనీలు మునిగాయి. ఎకరం మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే 40 వేల లీటర్ల నీళ్లు. ఇక కుప్ప మీద ఒక పరదా కప్పి ఏం ఆపుతాం?

మా సెంటర్‌కు పక్క చెరువు మత్తడి నీళ్లు వచ్చాయి. పరదాలు పైన ఉన్నట్టే ఉన్నాయి, నీళ్లు కింది నుంచి ఎక్కాయి. తెల్లారి పోయి చూస్తే కొన్ని కుప్పలు సగం కొట్టుకుపోయి మోరీలో, రోడ్డు మీద వడ్లు. నన్ను చూసి నవ్వినవాళ్లలో ఒకాయన కుప్పలో చెయ్యి పెట్టి చూడమన్నాడు. మోచేతిదాకా పెట్టాను. లోపల వేడిగా ఉంది. ఒకట్రెండు రోజులకే గింజ చివర తెల్లటి మొలక కనపడింది. ఆయన మీద నాకు కోపం రాలేదు. వడ్లు ఎత్తి ఆరబోయడానికి మా ఇంటిల్లిపాదీ పోయాం.

నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు చేను మీద పడిపోయిన పంటే రాసుకున్నారు. ఎకరాకు 10 వేల పరిహారమని ముఖ్యమంత్రి ప్రకటించారు, పంటలో 33 శాతం పైన పోయి ఉండాలి. సెంటర్‌లో పోయిన వడ్లు ఏ కాలమ్‌లోకి వస్తాయని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

నా వడ్లు మళ్లీ సెంటర్‌కు తీసుకుపోయినప్పుడు ఇంకో ఆట ఆడారు. అదే మనిషి, పరదా అంచున చెమ్మ తగిలిన చోట పిడికెడు తీసి మిషన్లో పెట్టి 18.2 అన్నాడు. నేను ఊరుకోలేదు. కుప్ప మధ్యలో, రెండు పక్కలా తీసి పెట్టమన్నాను, ప్రతి రీడింగూ ఫోటో తీశాను. మూడూ 17 లోపే. ఆ 2025-26 సీజన్లో గ్రేడ్ ఏ రకానికి క్వింటాలుకు 2,389 మద్దతు ధర ఉండేది, సన్నాలకు 500 బోనస్. ఇంత కష్టపడి కాపాడుకున్నవి ఒక పిడికెడు చెమ్మ గింజలకు ఎందుకు వదులుకోవాలి?

మీకు చెప్పదలచుకున్నవి ఇవే. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినపడగానే కుప్ప కింద కట్టెలో ఇటుకలో పేర్చి ఎత్తు చేయండి, చుట్టూ కాలువ తీయండి. సొంత పరదాలు కొనుక్కోండి, సెంటర్ పరదా మీద ఆశ పెట్టుకోకండి. వాన ఆగిన వెంటనే పరదా తీసి గాలి తగలనివ్వండి, కప్పి ఉంచితే మొలకే. మాయిశ్చర్ చూసేటప్పుడు మీరే చెయ్యి పెట్టి గింజలు తీయండి. ట్రక్ షీట్ చేతికి రాకుండా లారీని కదలనివ్వకండి. మిల్లు దగ్గర తరుగు పేరుతో తూకం కోస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే ఒప్పుకోకండి, రాసి ఇమ్మనండి, రాసివ్వరు.

పోయిన సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి ఒక అర్జీ ఇచ్చాను. జిల్లాకు ఆరెంజ్ అలర్ట్ వస్తే ఆరిన కుప్పలన్నీ ఆ రోజే కాంటా పెట్టాలని, పరదాల రిజిస్టర్ సెంటర్ గోడకు అంటించాలని రాశాను. నవ్వినవాళ్లలో ఇద్దరు నాతో పాటు సంతకం పెట్టారు. రసీదు ఇచ్చారు. జవాబు కోసం వచ్చే సోమవారం మళ్లీ పోతున్నాం, ఈసారి పక్క ఊళ్లవాళ్లు కూడా వస్తామన్నారు.