కులెన్ కొండ నుంచి టోన్లే సాప్ దాకా

కంబోడియాకు వెళ్ళే మనవాళ్ళు చాలామంది ముందుగా అంకోర్ వాట్ చూసి, సమయం మిగిలితేనే కులెన్ కొండకు వెళ్తారు. అమ్మా నేనూ ఆ వరుసను కావాలనే తిరగవేశాము. అంకోర్ ఆలయాలకు వాడిన ఇసుకరాయీ, అక్కడి కందకాలను నింపే నీరూ కులెన్ నుంచి దిగివచ్చినవే కాబట్టి, యాత్ర కూడా నీటి పుట్టుక దగ్గర మొదలై నీటి వెంటే సాగాలని మా కోరిక. వానలు వెనుకబట్టి, వాగుల్లో నీరు ఇంకా నిండుగా ఉండే నవంబరు అందుకు తగిన నెల. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి ఋతుపవనాలు ఆ దేశాన్ని ముంచెత్తుతాయి. ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలకు చేరువవుతుంది.

సియెమ్ రీప్ పట్టణం నుంచి కొండ సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఘాటు రోడ్డు ఇరుకు కనుక ఉదయం పూట ఎక్కే బండ్లను, మధ్యాహ్నం దాటాక దిగే బండ్లను మాత్రమే వదులుతారు. 802లో రెండవ జయవర్మ తనను చక్రవర్తిగా ప్రకటించుకున్నది ఈ కొండ మీదనే. అప్పటి నగరం పేరు మహేంద్రపర్వతం. నేటికీ ఖ్మేర్ ప్రజలకు ఇంతకన్నా పవిత్రమైన కొండ లేదు. బండరాయి పైభాగాన్ని తొలిచి చెక్కిన శయన బుద్ధుణ్ణి దర్శించుకోవడానికి పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మెట్లెక్కి వస్తున్నాయి.

సహస్రలింగాలు ఉన్న వాగు దగ్గరకు వెళ్ళేసరికి చెట్ల సందుల నుంచి పడిన ఎండలో అడుగు స్పష్టంగా కనిపించింది. లోతు తక్కువ. వాగు అడుగున ఉన్న రాతిపలక నిండా జానెడు వెడల్పు గుండ్రని లింగాలు వరుసలు తీరి, నీటి ఒరిపిడికి నున్నబడి ఉన్నాయి. వాటి మధ్య సన్నని ఇసుక పేరుకుంది. ఒకచోట చతురస్రాకారపు పానవట్టం, నీరు జారిపోయే దాని ముక్కుతో సహా, చెక్కు చెదరకుండా నిలిచింది. "దిగడానికి లేదురా, కాలు పెట్టే చోటల్లా లింగమే" అని అమ్మ ఒడ్డునే ఆగిపోయి, దోసిట్లో నీళ్ళు తీసుకుని తల మీద చల్లుకుంది. అభిషేకజలంగా మారిన నీరే కిందికి పారి నగరానికీ, వరిపొలాలకూ చేరాలన్నది ఆ చెక్కించినవారి సంకల్పం. ఒక రాజ్యం తన సేద్యపు నీటిని ఇంత భక్తితో చూసుకున్న తీరు మరెక్కడా నా కంటబడలేదు. ఇదే కొండల వరుసలో క్బాల్ స్పియన్ అనే మరో చోట, వాగు రాళ్ళ మీద శేషశాయి అయిన విష్ణువునూ చెక్కారు. అక్కడికి అడవిలో ఒకటిన్నర కిలోమీటర్ల నడక ఉండటంతో అమ్మ కోసం ఆ ప్రయత్నం మానుకున్నాము.

కొండ దిగివచ్చే దారిలో ప్రేహ్ దక్ అనే ఊరు తాటిబెల్లానికీ, నుమ్ బాన్‌చోక్ అనే బియ్యపు సేమ్యాకూ పేరుపొందింది. నానబెట్టి రుబ్బిన బియ్యాన్ని బరువు కింద పెట్టి నీరు పిండేసి, ముద్దను దంచి, మన జంతికల గొట్టం లాంటి దానితో మరిగే నీళ్ళలోకి వత్తుతారు. దాని మీద పోసే పులుసులో నిమ్మగడ్డి, పసుపు, అల్లం లాంటి దుంపరాష్ట్రకం కలిపి నూరిన ముద్ద ఘుమఘుమలాడుతుంది కానీ అందులో చేప ఉంటుంది. శాకాహారులు ఇక్కడ జాగ్రత్త పడాలి: కూరగాయల వంటకాల్లో కూడా ప్రహొక్ అనే ఊరవేసిన చేపముద్దో, చేపల ద్రావణమో పడుతుంది. అమ్మకు మాత్రం వెదురుబొంగులో బియ్యం, అలసందలు, కొబ్బరిపాలు పోసి నిప్పుల మీద కాల్చిన క్రలాన్ దొరికింది. బొంగును చీల్చి తినే ఆ అన్నమే, తాటాకులో చుట్టిన బెల్లంతో, ఆ పూట మా ఇద్దరి భోజనమైంది.

మర్నాడు అంకోర్ వాట్‌లో పడమటి గోపురం కింద నిలిచిన అష్టభుజ విష్ణువుకు స్థానికులు అగరొత్తులు వెలిగిస్తుంటే అమ్మ కూడా వారి పక్కనే నిలబడి నమస్కరించింది. రెండవ సూర్యవర్మ 12వ శతాబ్దంలో కట్టించిన ఈ ఆలయాన్ని చుట్టుకొని సుమారు 190 మీటర్ల వెడల్పు కందకం ఉంది. ఆలయం నిలిచింది ఇసుక పునాది మీద. ఆ ఇసుక తడిగా ఉన్నంతకాలమే రాతి బరువును మోయగలదు కనుక, కందకపు నీరు ఆ ఆలయానికి ఆయువుపట్టు.

అక్కడి నుంచి సియెమ్ రీప్ నది టోన్లే సాప్ సరస్సులో కలుస్తుంది. వానాకాలంలో మెకాంగ్ నది పొంగి, సరస్సు నుంచి వచ్చి రాజధాని నోమ్ పెన్ దగ్గర తనలో కలిసే టోన్లే సాప్ నదిని వెనక్కి నెడుతుంది. నది తలకిందులుగా పారి సరస్సును నింపుతుంది. వేసవిలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లుండే సరస్సు వరదకాలంలో 15,000 దాటి అడవులను ముంచుతుంది, ఆ మునిగిన చెట్ల మధ్యే చేపలు పెరుగుతాయి. కొంపొంగ్ ప్లుక్ గ్రామంలో ఎత్తైన కొయ్య స్తంభాల మీద ఉన్న ఇళ్ళ గడపల దాకా పడవలో వెళ్ళాము. ఎగువ ఆనకట్టల వల్ల, వానలు ఆలస్యమవడం వల్ల ఇటీవలి కొన్నేళ్ళుగా ఈ పొంగు తగ్గుతోంది. వరదనే ఆధారం చేసుకున్న ఈ పల్లెలను చూశాక నాకు నిజంగా బెంగ కలిగింది.

నది మళ్ళీ సముద్రం వైపు తిరిగే ఈ కాలంలోనే, మన కార్తిక పౌర్ణమికి, వారి జలోత్సవం జరుగుతుంది. ఆ రాత్రి సియెమ్ రీప్ నదిలో దీపాలు వదిలి, చంద్రుడికి మొక్కి, అంబొక్ తింటారు. కొత్త వడ్లను వేయించి, వేడి తగ్గకముందే రోట్లో దంచి చేసే ఈ అటుకులను అరటిపండు, కొబ్బరినీళ్ళతో కలిపి ఇస్తారు. పగలంతా ఉపవాసమున్న అమ్మ చంద్రదర్శనం చేసుకుని వాటినే ఫలహారంగా తీసుకుంది. ఇరుగుపొరుగుకు పంచడానికి మరో రెండు పొట్లాలు కట్టించుకుంది.