పటంలో ఖాళీ జాగా

హనుమకొండ శివారులోని మా ఊళ్లో, మున్ముందు ఇళ్ల స్థలాలకు ఏ భూములు అనువైనవో తేల్చేందుకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఔటర్ రింగు రోడ్డు వెంట తలపెట్టిన ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములను కలిపి తీసుకుని, అభివృద్ధి చేశాక కొంత భాగం తిరిగి ఇచ్చే పద్ధతి) 2022లో రైతుల ఆందోళనతో ఆగిపోయిన సంగతి ఎవరూ మరువలేదు కనుక, చాలామంది పట్టాదారు పాసుపుస్తకాలు వెంటబెట్టుకునే వచ్చారు. గోడకు తగిలించిన పటంలో చెరువు కింద ఇళ్లకని పసుపు రంగు పూసిన చోట ఒక పెద్దాయన వేలు పెట్టి, "సారూ, ఇది ఖాళీ జాగ కాదు, మత్తడి దుంకితే నీళ్లు పోయే తొవ్వ" అన్నారు. మత్తడి అంటే చెరువు నిండితే నీరు పొర్లిపోయే అలుగు. గొలుసుకట్టు చెరువుల నేలలో నీటి దారిని మూసి ఇళ్లు కడితే ఏమవుతుందో 2020 ఆగస్టు వరదల్లో హనుమకొండలోని నయీంనగర్ వాసులు చూశారు. ఇళ్లు కావలసిందే, కాదనను. కానీ చెరువు శిఖాన్ని (నీళ్లు నిలిచే నేలను), మత్తడి కాలువను ముందుగా హద్దురాళ్లతో గుర్తించి, ఆ తరువాతే మిగిలిన సర్వే నంబర్ల మాట ఎత్తాలని రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు అడిగి మరీ తీసుకున్నాను.