గంజి, రబ్బరు, పట్టు గుడ్డ

మా నాన్న దుగ్గిరాలలో ముప్పయ్యేళ్లు గుడ్డ బ్యానర్లు రాశాడు. గుడ్డకి మైదా గంజి పట్టించి, ఆరాక రెండు బొంగుల మధ్య బిగించి కట్టడం నా పని. గంజి చాలకపోతే రంగు దారాల వెంట పాకేది. ఎక్కువైతే మడత పడ్డ చోటల్లా ఎనామిల్ పెచ్చులూడేది. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయేదాకా మా చదువులు దాని మీదే సాగాయి.

పోయిన శనివారం మాంచెస్టర్‌లో పీపుల్స్ హిస్టరీ మ్యూజియంకి వెళ్లాను. పాత కార్మిక సంఘాలు ఊరేగింపుల్లో మోసిన బ్యానర్లు అక్కడ వందలున్నాయి. లివర్‌పూల్ రేకుల పనివాళ్ల సంఘానిదైతే 1821 నాటిది. పెద్దవి మా వీధిగది గోడంత ఉంటాయి. పట్టు గుడ్డ, రెండు వైపులా నూనె రంగులు. చెరో పక్కన నిలువు కర్ర, పైన అడ్డకర్ర. మోసేవాడు ఒంటికి కట్టుకున్న తోలు గిన్నెలో కర్ర అడుగు ఆనుతుంది. గాలికి ఒరగకుండా ముందు కొందరు, వెనక కొందరు తాళ్లు పట్టుకుని నడిచేవాళ్లు.

అక్కడి నుంచే నాన్నకి వీడియో కాల్ చేశాను. బొమ్మల గురించి ఏమీ అనలేదు. కాసేపు చూసి, "గాలికి ఇంత ఊగితే రంగు నిలవదే. గుడ్డకి ఏం పూశారమ్మా?" అన్నాడు.

రబ్బరు! జార్జ్ టుటిల్ అనే ఆయన 1837లో బ్యానర్ల వ్యాపారం మొదలుపెట్టాడు. తర్వాత లండన్ సిటీ రోడ్డులో ఆయన కార్ఖానా దేశంలోని సంఘాలన్నిటికీ పేరుమోసింది. పట్టుకి ముందు రబ్బరు పూత వేసి, దాని మీద రంగు వేసే పద్ధతికి 1861లో పేటెంటు తీసుకున్నాడు. గుడ్డ వంగితే రంగూ దాంతోపాటు వంగుతుంది. చెప్పగానే నాన్న "అబ్బ!" అని ఆగిపోయాడు. మైదాతో ఆయన జీవితమంతా పడ్డ యాతన అదే మరి.

బొమ్మలు మాత్రం మనకి తెలిసినవే. కలిసిన రెండు చేతులు. విడిగా విరిగి, కట్టగా విరగని కట్టెల మోపు. నన్ను కదిలించినవి వేరే: మంచం పట్టిన మనిషి పక్కన నిలబడి సంఘం వాళ్లు డబ్బు ఇస్తున్న దృశ్యం, పిల్లల్ని పట్టుకున్న వితంతువు చేతికి సాయం అందుతున్న దృశ్యం. నెలనెలా కట్టిన చందా ఎక్కడికి పోతుందో చదువు రానివాడికి కూడా చూపించారు.

నాన్నకి మరీ నచ్చింది జేమ్స్ షార్పుల్స్ సంగతి. కొలిమి పనివాడు, బొమ్మలు తనంతట తానే నేర్చుకున్నాడు. పని అయ్యాక బరీ అనే ఊరి నుంచి మాంచెస్టర్‌కి నడిచొచ్చి, రెండు మూడు షిల్లింగుల రంగులు, కాన్వాసు కొనుక్కుని, పద్దెనిమిది మైళ్ల నడక ముగించి అర్ధరాత్రికి ఇల్లు చేరేవాడట, ఒక్కోసారి వానలో తడిసి. 1851లో ఇంజనీర్ల సంఘం పెట్టిన పోటీలో చిహ్నం గీసి గెలిచాడు. అందులో యుద్ధ దేవుడు మార్స్ విరిగిన కత్తి తెచ్చి బాగుచేయమంటే కమ్మరి ఒప్పుకోడు. కొలిమి దగ్గర నిలబడి పనిచేసినవాడికి తప్ప ఆ ఊహ రాదని నా నమ్మకం. రంగుల కోసం దుగ్గిరాల నుంచి తెనాలికి సైకిలు తొక్కిన నాన్న, "నడిచా? అన్ని మైళ్లా?" అని రెండుసార్లు అడిగాడు.

మ్యూజియంలో మరమ్మతు గది ఉంది, అద్దంలోంచి చూడొచ్చు. బల్ల మీద పరిచిన పట్టు, రంగు బరువు ఆగిన అంచు వెంట చీలి ఉంది. ఒకావిడ వంగి, దారమంత సన్నటి చీలిక మీద పలచటి వలగుడ్డ ముక్క సర్దుతోంది. అరగంటలో అరచేయంత జాగా దాటలేదు. పాత బ్యానర్లని మడత పెట్టరు. లావాటి గొట్టానికి, రంగు వైపు బయటికి వచ్చేలా చుడతారు.

ఇది చెప్పినప్పుడు నాన్న ఏమీ అనలేదు. మా ట్రంకు పెట్టెలో హమాలీ సంఘానికి రాసిన ఎర్ర బ్యానరు ఒకటుంది, నాలుగు మడతల్లో. నిన్న రాత్రి అమ్మ ఫొటో పంపింది. మంచం మీద నాలుగంగుళాల పీవీసీ పైపు, దాని చుట్టూ ఆ బ్యానరు, అక్షరాలు బయటికి. పక్కన నాన్న, పైపు చివర్లకి పాత పంచె గుడ్డ కడుతూ.